టేపు చివర మడత

“భయ్యా, ఇది నాది. నేను ముందు చూశాను.”

“చూస్తే మీదైపోతుందా? చెయ్యి వేసింది నేను.”

నెహ్రూ ప్లేస్‌లో సెకండ్ హ్యాండ్ సామాన్ల దుకాణం ముందు ఒక పాత చదరపు మానిటర్‌ని చెరోవైపు పట్టుకుని ఇద్దరు హిందీలో పోట్లాడుకుంటున్నారు. కుడివైపు పట్టుకున్నవాడు నోయల్. ఊరు మెదక్, ఉద్యోగం గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్, పిచ్చి పాత కంప్యూటర్లు. ఎడమవైపు పట్టుకున్న అమ్మాయి ఎవరో అతనికి తెలియదు. జులై వానకి ఆమె దుపట్టా సగం తడిసింది గానీ పట్టు మాత్రం కాస్త కూడా సడలలేదు.

దుకాణదారు వీళ్లని విడదీసే ప్రయత్నమేమీ చెయ్యలేదు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని హాయిగా చూస్తున్నాడు. ఈ రోజుల్లో అందరూ వెడల్పాటి మానిటర్లే కొంటున్నారు. అటక మీద దుమ్ము కొట్టుకుపోయిన దీనికోసం ఇద్దరు మనుషులు కొట్టుకుంటారని అతను కల కూడా కని ఉండడు.

నోయల్ మొహం పక్కకి తిప్పుకుని, తనలో తాను అనుకోవలసిన మాట పైకే అనేశాడు. “ఏం మొండి పిల్లరా దేవుడా!”

“మొండి కాదు. నాకు పని ఉంది,” అంది ఆ అమ్మాయి తెలుగులో.

అంతే, నోయల్ చేతులు జారిపోయాయి. ఢిల్లీ బజారులో చెప్పాపెట్టకుండా తెలుగు చెవిన పడితే ఎంతటివాడి పట్టయినా సడలుతుంది. మానిటర్ కాస్తా ఆమె చేతుల్లోకి వెళ్లిపోయింది.

“మీరు తెలుగోళ్లా?”

“మమ్మీ డాడీ తెలుగు. నేను ఆర్.కె. పురం,” అంది ఆమె, అదొక భాష అయినట్టు.

“ఇంట్ల టీవీ లేదా? గీ డబ్బా ఎందుకు మీకు?”

“నాక్కాదు, డాడీకి. ఆయన పాత అటారీ కంప్యూటర్ ఉంది. దాని మానిటర్ టూట్ గయా. టీవీకి పెడితే స్క్రీన్ బ్లాక్. చౌకోర్ వాలా, ఇలా స్క్వేర్‌ది తీసుకోండి, నడుస్తుంది అని ఆఫీసులో ఎవరో చెప్పారు.”

అటారీ అన్న మాట వినగానే నోయల్ మొహం, విస్తట్లో పూర్ణం బూరె పడ్డ పిల్లాడి మొహంలా వెలిగిపోయింది. “వెనక గుండ్రంగ సాకెట్ ఉంటదా? పదమూడు పిన్నులది?”

“నేను లెక్కపెట్టలేదు.”

“అట్లయితే దీన్ని మోసుకపోయినా లాభం లేదు మేడమ్. దీని ప్లగ్గు దాంట్ల పట్టది. నడుమ అడాప్టర్ ఉండాలె.”

“ఎక్కడ దొరుకుతుంది?”

“దొరకది. చెయ్యాలె.”

“ఎవరు చేస్తారు?”

నోయల్ గొంతు సవరించుకున్నాడు. జీవితంలో అతనికి ఇంత మంచి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. “మానిటర్ మీరు తీసుకోండ్రి, అడాప్టర్ నేను చేసిస్త. పైసలు వద్దు. ఆ అటారీని ఒక్కపారి చూడనియ్యండ్రి, చాలు.”

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. అమ్మాయిలతో పరిచయం పెంచుకోడానికి మగవాళ్లు చెప్పే సాకులు ఆమె చాలానే విని ఉంటుంది. కంప్యూటర్‌ని చూడాలనే సాకు మాత్రం ఎప్పుడూ విన్నట్టు లేదు. నవ్వొచ్చేసింది.

“ఠీక్ హై. ఆదివారం చర్చి అయ్యాక రండి. నా పేరు షారన్.”

* * *

ఆర్.కె. పురంలో షారన్ వాళ్లది గవర్నమెంటు క్వార్టరు, రెండో అంతస్తు. వాళ్లమ్మ జయకుమారి పెద్దాసుపత్రిలో సిస్టరు, క్వార్టరు ఆవిడ పేరు మీదే. నాన్న బాబూరావు సెంట్రల్ గవర్నమెంటు గుమాస్తాగా రిటైరయ్యాడు. ఆయనది నరసాపురం. ఢిల్లీలో ఎన్నేళ్లున్నా మాటలో గోదావరి అలాగే ఉంది.

“వందనాలండి అంకుల్,” అన్నాడు నోయల్ గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

“వందనాలు బాబూ, రా రా! ఏవూరు మనది? మెదకా! మంచిది. ఏవే జయా, మెదకంట, మనోళ్లే!” అన్నాడు బాబూరావు. నరసాపురానికీ మెదక్‌కీ మధ్య ఎంత దూరమో ఆయనకి తెలియక కాదు. ఢిల్లీ నుంచి చూస్తే రెండూ పక్కపక్క వీధులే.

ముందు గదిలో తెల్లటి దుప్పటి తీశాడాయన. కింద బూడిద రంగు అటారీ. దాని మీటలు పాత ఏనుగు దంతంలా పసుపెక్కాయి. నోయల్ రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుని మరీ దాన్ని ముట్టుకున్నాడు. మెదక్ మిషన్ స్కూల్లో కంప్యూటర్ గదికి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాలి, వరసలో నిలబడాలి, మీట నొక్కే వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. ఆ తీరని ముచ్చటే ఇప్పుడతని గది నిండా పాత కంప్యూటర్లయి కూర్చుంది.

“ఇదెట్ల వచ్చింది అంకుల్ మీ దగ్గరికి?”

“చాణక్యపురిలో ఎంబసీ దొరసాని ఒకావిడ ఉండేది. సంగీతం పిచ్చి. ఊరెళ్లిపోతా నాకిచ్చేసింది. దీని మానిటరు బానే ఉండేదయ్యా. నేతాజీ నగర్ క్వార్టర్లు పడగొడతారంటే ఇక్కడికి మారాం కదా, అప్పుడు టెంపో మీంచి పడి ముక్కలైపోయింది. అప్పట్నించీ దీనికి నోరు లేదు.”

“నోరు కాదు డాడీ, మొహం లేదు,” అంది షారన్.

నోయల్ సంచిలోంచి తను చేసిన అడాప్టర్ తీశాడు. అగ్గిపెట్టంత డబ్బా, ఒకవైపు గుండ్రటి ప్లగ్గు, ఒకవైపు మానిటర్ సాకెట్టు, పక్కన బుల్లి స్విచ్. సంగతేమిటంటే, ఈ అటారీ బొమ్మని రెండు రకాలుగా పంపుతుంది, నలుపు తెలుపుగానో రంగుల్లోనో. నలుపు తెలుపు బొమ్మని ఈ చదరపు మానిటర్ అందుకోగలదు. రంగుల బొమ్మ వేగం వేరు, దీనికి అందదు. ఏది పంపాలో అటారీ ఒక్క పిన్నుని చూసి నిర్ణయించుకుంటుంది. ఆ పిన్నుకే నోయల్ స్విచ్ తగిలించాడు. ఎప్పటికైనా రంగులకి వేరే పెట్టె తెచ్చి పెడదామని అతని ఆశ.

అన్నీ తగిలించి మీట వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. దాని మీద ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అన్న అక్షరాలు నాలుగు వైపులా తిరుగుతున్నాయి.

“ఇది మా టీవీ కూడా చెప్పింది. దీనికోసం మీరు గురుగ్రామ్ నుంచి రావాలా?” అంది షారన్.

నోయల్ చెవులు ఎర్రబడ్డాయి. స్విచ్ రంగుల వైపు ఉంది. గోటితో ఇటు జరిపాడు. టప్పున తెరంతా తెల్లబడి, దాని మీద నల్లటి సన్న గీతల్లో బొమ్మలు తేలాయి. బాబూరావు “స్తోత్రం!” అని గట్టిగా అరిచాడు. వంటింట్లోంచి జయకుమారి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

డబ్బాలోంచి ఫ్లాపీలు బయటికొచ్చాయి. రెండు చదవలేదు, మూడోది కిర్రుకిర్రుమని గొణిగి దారికొచ్చింది. బాబూరావు పాటలు వాయించే తన పాత కీబోర్డుకీ అటారీకీ తీగ కలిపాడు. తెర మీద స్వరాలు చిన్న చిన్న గీతలై బారులు తీరాయి, ఎవరూ ముట్టుకోకుండానే కీబోర్డు మోగడం మొదలుపెట్టింది.

“మా చర్చి పాటల కాయిర్ అంతా నర్సులేనయ్యా,” అన్నాడు బాబూరావు. ఆయన కళ్లు తెర మీద ఉన్నాయి, మనసు ఎప్పుడో నేతాజీ నగర్ వెళ్లిపోయింది. “డ్యూటీ దిగి, స్వెట్టర్ కింద యూనిఫాంతోనే మా క్వార్టరుకి వచ్చేసేవోరు. వాయించేది నేనే, చెయ్యి ఊపి పాడించేది నేనే. రెండు పనులూ ఎలా కుదురుతాయి? అందుకని వాయించే పని దీనికి అప్పగించేశా. అది వాయించేది, నేను లేచి నిలబడి రెండు చేతులా పాడించేవోణ్ణి. పొయ్యి చుట్టూ కూచుని, చలికి వణుకుతా... ఏం పాడేవోరనుకున్నావ్! కింద పంజాబీ ఆంటీ మెట్ల మీద కూచుని వినేది.”

పాట సగంలో కీబోర్డు ఆగింది. కాసేపటికి మళ్లీ అందుకుంది. తెర మీద అక్కడ గీతల్లేకుండా తెల్లటి ఖాళీ కనిపిస్తోంది.

“ఈడ ఖాళీ ఎందుకుంది అంకుల్? ఫ్లాపీ ఖరాబయ్యిందా?”

బాబూరావు అద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. “ఖరాబు కాదులే. అది మీ ఆంటీ కోసం. రెండో స్వరం ఆవిడది. అప్పటికింకా పెళ్లి కాలేదు మాకు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది, మూడంతస్తులెక్కి ఆయాసపడతా నిలబడేది. ఊపిరి తీసుకుంటాదని ముందు కాస్త ఖాళీ పెట్టా. అన్ని పాటల్లోనూ పెట్టా.”

వంటింటి గుమ్మంలో జయకుమారి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎంతమంది రోగుల్ని చూసినా చెక్కుచెదరని సిస్టరు మొహం ఎర్రబడింది.

“నాకెప్పుడూ చెప్పలేదే!” అంది.

“నువ్వెప్పుడూ అడగలేదుగా,” అన్నాడాయన.

ఆ సాయంత్రం చేపల పులుసుతో అన్నం పెట్టకుండా నోయల్‌ని కదలనివ్వలేదు వాళ్లు. ఎదురుగా కూర్చున్న షారన్ ముళ్లు ఏరుకుంటూ మధ్యమధ్య అతన్ని చూసింది. అతను చూస్తే మాత్రం పులుసు వంక చూసింది.

* * *

బుధవారం ఫోను. “హలో, నోయల్ జీ? మీ అడాప్టర్ ఫెయిల్. మళ్లీ బ్లాక్.”

ఆదివారం వెళ్లి చూస్తే స్విచ్ రంగుల వైపు ఉంది. దుమ్ము దులిపేటప్పుడు జరిగి ఉంటుందనుకున్నాడు. ఇటు జరిపాడు, వెలిగింది. ఇంకో పాట, దానితో ఇంకో కథ. పండగ రోజు కరెంటు పోతే నర్సులంతా టార్చిలైట్ల వెలుగులో పాడిన కథ. జయకుమారి చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఈనెలు తీసింది. మూడు కాయలకి ఒక కాయ చెత్తలోకి పోయింది గానీ, ఆవిడ చూసుకోలేదు.

మళ్లీ ఫోను. మళ్లీ స్విచ్. ఈసారి నోయల్ స్విచ్ మీద నల్ల టేపు అంటించాడు.

వాన చెమ్మకేమో టేపు కూడా ఊడి ఉండేది, వానాకాలమంతా ఇదే వరస. వెళ్లేటప్పుడు మెట్రో దాకా దింపి రమ్మని జయకుమారి షారన్‌ని పంపేది. గొడుగు ఒక్కటే. నోయల్ ఎడమ భుజం, షారన్ కుడి భుజం ప్రతివారం తడిసేవి.

“మీ అడాప్టర్ మా ఇంట్లోనే ఎందుకు పాడవుతుంది?”

“మీ ఇంటి గాలి పడ్తలేదు దానికి.”

“అచ్ఛా! మీకు పడుతోందిగా. పోయినసారి ఎంత అన్నం తిన్నారో మమ్మీ ఫోన్‌లో పిన్నికి చెప్పింది.”

“అది బయట చెప్పే ముచ్చటనా?”

“ముచ్చట అంటే?”

“ముచ్చటంటే... మనమిప్పుడు పెడ్తున్నది.”

ఆ మాట బాగుందేమో, షారన్ రెండుమూడుసార్లు పలికి చూసుకుంది. సాకేత్‌లో ఒక ఆర్కిటెక్టు దగ్గర ఇళ్ల డ్రాయింగులు గీస్తుంది ఆమె. ఎవరిల్లు చూసినా ఏ గోడ తీస్తే వెలుగొస్తుందో ఆలోచిస్తుంది. “అసలు ఆ స్విచ్ తీసి పారేయొచ్చు కదా? తీగ డైరెక్టుగా అంటించేస్తే?” అంది హఠాత్తుగా.

“మరి రంగుల సంగతేంది? రేపు మీ డాడీకి రంగులు కావాలనిపిస్తే?” అన్నాడు నోయల్.

షారన్ చెప్పింది నిజమే. స్విచ్ కోసి రెండు తీగలు కలపడం టీ చల్లారేలోపు అయ్యే పని. నోయల్‌కి అది మొదటి వారమే తెలుసు. ఎందుకు చెయ్యలేదంటే, చేసేస్తే ఆదివారాలు అయిపోతాయి. బాబూరావు కథలు, జయకుమారి పులుసు, ఈ ఒంటి గొడుగు, అన్నీ ఆ బుల్లి స్విచ్ మీదే వేలాడుతున్నాయి. ఇది ప్రేమేనని అతనికి ఎప్పుడో తెలిసిపోయింది. నోరు తెరిచి చెప్పి, ఆమె కాదంటే, ఆ గుమ్మం ముందు మళ్లీ ఏ మొహం పెట్టుకుని చెప్పులు విప్పుతాడు? ఒక్కమాటతో ఇల్లు ఇల్లంతా పోతుంది. ఆ భయానికే నోరు కట్టేసుకున్నాడు.

అలాంటప్పుడు ఒక ఆదివారం టేపు చూశాడు.

టేపు అంటించినచోటే ఉంది. దానికింద స్విచ్ మాత్రం రంగుల వైపు ఉంది. అంటే ఎవరో టేపు పీకి, స్విచ్ జరిపి, మళ్లీ శుభ్రంగా అంటించారు. పైగా టేపు చివర చిటికెడంత లోపలికి మడిచి ఉంది. నోయల్ గోటితో గీకే పనిలేకుండా పట్టుకుని లాగడానికి వీలుగా.

ఎవరు మడిచి ఉంటారు? తనకి శ్రమ లేకుండా ఎవరు చూసుకుంటారు? ఫోన్ చేసి పిలిచేది ఎవరు? టేపుని తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు బాబూరావు చెప్పిన కథ ఒక్క ముక్క చెవికెక్కలేదు.

* * *

మెట్రో గేటు దగ్గర వాన పెద్దదైంది.

“షారన్ గారూ, ఒక మాట.”

“బోలియే.”

జేబులోంచి టేపు ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. “మీరు స్విచ్ జరుపుతున్నరని నాకు తెలిసింది. ఎందుకు జరుపుతున్నరో గూడ తెలిసింది. నాక్కూడ గంతే. మీరంటే నాకు మస్తు ఇష్టం. మీరు ముందుగాల ధైర్యం చేసిండ్రు గాబట్టి నేనిప్పుడు చెప్తున్న.”

గొడుగు కదలకుండా ఆగిపోయింది. “నేను స్విచ్ జరుపుతున్నానా?”

“మడత పెట్టింది మీరే కదా?”

షారన్ టేపు అందుకుని చూసింది. పెదవులు బిగబట్టింది, ఆగలేదు, పకపకా నవ్వేసింది. “అరే బాబా! ఇది మమ్మీ మడత! నర్సులు ఏ టేపు వేసినా చివర ఇలా మడుస్తారు, పేషెంట్‌కి నొప్పి లేకుండా లాగడానికి. మా ఇంట్లో గిఫ్ట్ ప్యాక్ మీద కూడా ఇలాగే ఉంటుంది!”

భూమి రెండుగా చీలితే అందులోకి దూరిపోదామనుకున్నాడు నోయల్. ఢిల్లీలో ఆ ఏర్పాటు మెట్రో వాళ్లు చేసే ఉంచారు గానీ కాళ్లు కదలలేదు. ఇంతలో షారన్ నవ్వు ఆగిపోయింది.

“ఒక్క నిమిషం. ఈ మడత లేకపోతే ఇవాళ మీరు ఈ మాట చెప్పేవారా?”

నోయల్ అరచెయ్యి ఇంకా చాచే ఉంది.

“చెప్పేవారు కాదు. నేను ముందు అడుగు వేశానని గ్యారంటీ దొరికింది, అప్పుడు చెప్పారు. కంప్యూటర్ ఆలోచిస్తుంది ఇలా. అవతల ఏ స్క్రీన్ ఉందో పిన్ను తడిమి చూసుకుని, తర్వాత బొమ్మ పంపుతుంది. మనిషి కూడా అలాగే చెయ్యాలా?”

“షారన్ గారూ, నేను...”

“నాకు కోపం వచ్చింది. ఎంత వచ్చిందో తెలుగులో చెప్పడం నాకు రాదు,” అని ఆమె గొడుగు తీసుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. రెండు అడుగుల్లో పైకప్పు ఉన్నా, నోయల్ వానలోనే నిలబడి ఆ గొడుగు మలుపు తిరిగేదాకా చూశాడు.

* * *

తర్వాత ఫోన్ రాలేదు. ఆదివారం వచ్చింది, వెళ్లింది. గురుగ్రామ్ గదిలో అల్మారా నిండా పాత కంప్యూటర్లున్నాయి, ఒక్కదాని మీదా మనసు పోలేదు. వండుకున్న పప్పులో ఉప్పు మర్చిపోయాడు. అది కూడా తిన్నాక గుర్తొచ్చింది.

ఇంకో వారం పోయాక జయకుమారి ఫోన్ చేసింది. వెనకాల ఆసుపత్రి గొడవ వినిపిస్తోంది.

“బాబూ నోయల్, నేనమ్మా, ఆంటీని. తప్పు చేసింది నేను, శిక్ష నువ్వు అనుభవిస్తున్నావు. అమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు.”

“అయ్యో, గట్లేం లేదాంటీ.”

“నన్ను చెప్పనీ. డ్యూటీ మధ్యలో వచ్చాను. మొదటి రోజు ఆయన ఆ ఖాళీ సంగతి చెప్పారు చూడు, అన్నేళ్ల కాపురంలో ఆ మాట నాతో అనలేదు నాన్నా. నువ్వు అడిగావు, ఆయన చెప్పారు. ఇంకా ఏమేం దాచుకున్నారో వినాలనిపించింది. కంప్యూటర్ బాగైపోతే నువ్వు రావు, నువ్వు రాకపోతే ఆయన నోరు విప్పరు. అందుకని స్విచ్ జరిపేశాను. ఆసుపత్రిలో ఒక్క మందు అటూ ఇటూ చెయ్యని దాన్ని, ఇంట్లో దొంగతనం చేశాను.”

“అంకుల్‌కి తెలుసా?”

“తెలిసింది. పడీపడీ నవ్వారు. అది సరే గానీ, నువ్వు మా అమ్మాయితో ఏమన్నావో, అదేమందో నాకు మొత్తం తెలీదు. తెలిసినంతలో ఒక్కటి చెప్తాను విను. ఆయన నా కోసం పాటలో ఖాళీ పెట్టి ఊరుకున్నారు. ఎంత ప్రేమ అది! కానీ నాకు తెలీలేదు. పాటలో ఎందుకాగుతారో అర్థంకాక, లెక్క తప్పుతానేమోనని భయపడుతూ పాడాను ఇన్నేళ్లూ. చెప్పి ఉంటే హాయిగా ఊపిరి తీసుకునేదాన్ని కదా? మా అమ్మాయికి అలా చెయ్యకు. ఉంటాను, బెల్లు కొడుతున్నారు.”

ఫోన్ పెట్టేశాక నోయల్ కిటికీ తెరిచాడు. వాన వెలిసింది. కింద కూరగాయల బండివాడు తాటాకు గొడుగంత పాలిథిన్ పట్టా దులుపుకుంటున్నాడు. ఆమె కాదంటే ఆ ఇల్లు పోతుంది, నిజమే. చెప్పకపోయినా పోయేట్టే ఉంది. ఆ సంగతి అర్థమయ్యాక భయం తగ్గలేదు గానీ, దారి మాత్రం ఒక్కటే మిగిలింది.

* * *

ఆదివారం మధ్యాహ్నం రెండో అంతస్తు మెట్లెక్కుతుంటే పైనుంచి కీబోర్డు వినిపించింది. తలుపు తీసి ఉంది. అటారీ తెర తెల్లగా వెలుగుతోంది. దాని ముందు షారన్, చేతిలో మౌస్. పక్కనే బాబూరావు, “అదిగో ఆ గీత కాస్త పొడుగు లాగమ్మా, ఇంకొంచెం, అద్దీ!” అంటున్నాడు. అడాప్టర్ మీద టేపు లేదు, స్విచ్ తన దారిన తాను నలుపు తెలుపు వైపు ఉంది.

నోయల్ గుమ్మంలో ఆగిపోయాడు. కథలు వినడానికి కూతురే వచ్చి కూర్చుంది. బాగు చెయ్యడానికి ఏమీ లేదు. ఈ ఇంట్లో ఇప్పుడతని అవసరం ఎవరికీ లేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోతే ఎవరికీ తెలియదు కూడా.

“వందనాలండి,” అన్నాడు.

షారన్ తల తిప్పి చూసింది. భుజాన సంచి లేదు, చేతిలో తీగల్లేవు. “ఏం పాడైందని వచ్చారు?”

“ఏం ఖరాబు కాలే. మీతోని మాట్లాడనీకి వచ్చిన.”

బాబూరావు లేవబోయాడు. “మీరుండండ్రి అంకుల్,” అన్నాడు నోయల్. “మీరు, ఆంటీ గూడ వింటేనే మంచిది.” జయకుమారి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నోయల్ గొంతు వణికింది. వణికితే వణికిందని వదిలేశాడు.

“షారన్ గారూ, మీరన్నది నిజం. నేను పిరికోణ్ణి. మీ మనసుల ఏమున్నదో నాకు ఇప్పటికీ తెల్వదు. ఎవరిని అడగలే, ఏ టేపు చూడలే. మీరు కాదంటే ఈ గడప మళ్ల తొక్కలేనేమోనని భయంగనే ఉంది. అయినా చెప్తున్న. మీరంటే నాకు ప్రేమ. మీరు నవ్వుకుంట నన్ను ఎక్కిరిస్తే ఆ వారమంతా మంచిగుంటది. ఇష్టమైతే మిమ్మల్ని పెండ్లి చేసుకుంట. ఇష్టం లేదంటే గూడ ఈ మాట అబద్ధం కాదు.”

కీబోర్డు పాట మధ్యలో ఉందేమో, దాని మానాన అది వాయించుకుపోతోంది. షారన్ మౌస్‌ని పట్టుకునే ఉంది. తెర మీద బాణం గుర్తు గజగజా వణుకుతోంది.

బాబూరావు భార్య వంక చూశాడు. జయకుమారి చీరకొంగుతో కళ్లొత్తుకుని ఊరుకుంది. ఏం చెయ్యాలో తోచనప్పుడల్లా ఆయన చేసే పని ఒక్కటే ఉంది. “ప్రార్థన చేసుకుందాం,” అన్నాడు.

నలుగురూ నిలబడి తలలు వంచి కళ్లు మూసుకున్నారు. బాబూరావు ప్రార్థనలు పొడుగని సంఘమంతటికీ తెలుసు. సృష్టి దగ్గర మొదలుపెట్టాడు. నరసాపురం నుంచి తనని తీసుకొచ్చిన రైలు దాకా వచ్చాడు. నేతాజీ నగర్, కాయిరు, ఎంబసీ దొరసాని, ఎవరినీ వదల్లేదు. లోపల పులుసు చల్లారుతోంది.

“ప్రభువా, ఈ అబ్బాయి అడగవలసింది అడిగేశాడు, మేం విన్నాం,” అంటున్నాడు బాబూరావు. “మా అమ్మాయి మనసులో ఏముందో నీకు తెలుసు. మాకు తెలీదు. నాకైతే ఈ అబ్బాయంటే ఇష్టమే, కానీ నా ఇష్టంతో పని లేదు. వీళ్లిద్దర్నీ కలిపి ఒక ఇంటివాళ్లని చెయ్యడం నీ చిత్తమైతే, దానికి మా అమ్మాయి కూడా ఒప్పుకుంటే...”

“ఆమెన్,” అంది షారన్.

అందరూ కళ్లు తెరిచారు. ఆమె కళ్లు మాత్రం ఇంకా మూసే ఉన్నాయి, బుగ్గలు కందిపోయాయి.

“ప్రార్థన ఇంకా అయిపోలేదమ్మా,” అన్నాడు బాబూరావు.

“మీరు కానివ్వండి డాడీ. నాది అయిపోయింది,” అంది షారన్.